కార్జం చెప్పిన సాక్ష్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నేనెప్పుడూ కాదనలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నేను జనగామలో ఆరో తరగతి. బడికి తాళం పడింది, పరీక్షలు పోయాయి, ఆ ఏడు చదువు అటకెక్కింది. ఊరేగింపుల వెనక నడుస్తూ అరిచి అరిచి ఇంటికొస్తే మా అవ్వ ఉప్పు వేసిన వేణ్నీళ్లు చేతికిచ్చి పుక్కిలించమనేది. "గీ గొంతుకు నువ్వు లాయరన్న గావాలె, లేకుంటె గొడ్లన్న గాయాలె" అనేది. నేను రెండింటికీ మధ్యలో పడి పశువుల డాక్టరునయ్యాను.

హైదరాబాదులో చదివే రోజుల్లో మా తరగతిలో ఆడపిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. నేను "గిట్ల" అన్నప్పుడల్లా కోస్తా నుంచి వచ్చిన తోటి విద్యార్థులు సినిమాలో హాస్యగాడు కనిపించినట్టు నవ్వేవాళ్లు. ఎవరు ఎక్కువ నవ్వితే వాళ్ల దగ్గరికే పోయి ఇంకో నాలుగు "గిట్ల"లు కలిపి మాట్లాడేదాన్ని. వాళ్లకే విసుగొచ్చి మానేశారు.

ఆ కాలేజీలో నేను నిజంగా ప్రేమించింది ఒక్క గదిని. రక్తాన్ని పరీక్షించే గది. అక్కడే నాకు ఎంజైముల పిచ్చి పట్టింది. సంగతి చాలా తేలిక. కాలేయాన్ని మా ఊళ్లలో కార్జం అంటారు. దాని కణాల లోపల కొన్ని ఎంజైములు వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి. కణాలు బాగున్నంతవరకు అవి లోపలే ఉంటాయి. ఏదైనా విషం తగిలి కణాలు దెబ్బతింటే అవి కారి రక్తంలోకి వచ్చేస్తాయి. మేక బయటికి బాగానే కనబడుతుంది, ఆకు నములుతుంది, దూకుతుంది. కానీ చెవి కింద మెడ దగ్గర ఇంత రక్తం తీసి, పైకి తేలిన పసుపుపచ్చ నీటిలో మందులు కలిపి వేడినీళ్ల తొట్టెలో ఉంచితే, చివరికి ఇటుకరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే కార్జం అంత దెబ్బతిన్నట్టు. మొదటిసారి ఆ రంగు నా కళ్ల ముందే ముదురుతుంటే నేను బల్ల మీద చేత్తో కొట్టి కేక వేశాను. నోరు లేని జీవం నాతో మాట్లాడినట్టే అనిపించింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఎనభైల మొదట్లో మానుకోట దగ్గరి గూడూరు నుంచి అడవి వైపు పోయే దారిలో ఒక ఊరికి నన్ను వేశారు. రెండు గదుల పశువుల దవాఖాన. "ఆడిపిల్ల ఎద్దుకు సూదేస్తదా" అని చూడ్డానికే కొంతమంది వచ్చేవాళ్లు, పశువు లేకుండా. వాళ్లతో పశువును పట్టించి పని చేయించుకునేదాన్ని.

ఆ ఊరి పెద్ద రైతును అందరూ పటేల్ అనేవాళ్లు. పత్తి, మిర్చి వేసేవాడు. పెద్ద మేకల మంద ఉండేది. అయిదేళ్లు కూడా నిండని మనుమరాలు ఎప్పుడూ ఆయన భుజం మీదే ఉండేది. మొదటిసారి దవాఖానకు వచ్చి నన్ను చూసి, "డాక్టరేడి బిడ్డా?" అన్నాడు.

"నేనే బాపూ."

"అయితె కాంపౌండరేడి?"

"గది సుత నేనే."

ఆయన నవ్వాడు. అప్పట్నుంచి మాకు బాగానే కుదిరింది. ఊళ్లో ఆయన మాటకు తిరుగులేదు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ తనకు తెలిసిందే తెలివి అనుకునే రకం. ఆ ఒక్క గుణం నాలోనూ ఉంది కాబట్టి వెంటనే గుర్తుపట్టాను.

ఒక వానాకాలం చివర పటేల్ మేకలు ఒక్కొక్కటే మేత మానేయడం మొదలుపెట్టాయి. తల వేలాడేసుకుని నిలబడేవి, నీళ్ల విరేచనాలయ్యేవి, బక్కచిక్కేవి. కనురెప్ప మడిచి చూస్తే లోపల పసుపు. నేను నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. ఒకటి తేరుకునేలోపు ఇంకోటి పడిపోయేది. కొన్ని చచ్చిపోయాయి. చావకముందే కొన్నిటిని పటేల్ అమ్మేసేవాడు. వాటిని కొనేది మేకల సాయిబు.

ఈ సాయిబు ఆ ఊళ్లోనే పుట్టిపెరిగినవాడు. తాత ముత్తాతల నుంచి అక్కడే. వారానికోసారి జరిగే అంగట్లో చెట్టు నీడన ఆయన మాంసం దుకాణం. ఒక పాత మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి మేకలు కొనుక్కొచ్చేవాడు. ఆయన ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. రెండూ ఒకే ఊపిరిలో మాట్లాడేవాడు. జబ్బు మేకను ఎవరైనా ఎక్కువ ధరకు కొంటారా? ఈయనా తక్కువకే కొనేవాడు. అదే ఆయన మెడకు చుట్టుకుంది.

"సాయిబే మందు పెట్టిండు" అన్నారు ఎవరో. చవగ్గా కొనుక్కోవడానికి పటేల్ మేకలకు మెల్లగా విషం పెడుతున్నాడని దాని అర్థం. ఆ మాట పొద్దున ఒక నోట పుట్టి సాయంత్రానికి ఊరంతా తిరిగొచ్చింది. పటేల్ అంగడి మధ్యలో నిలబడి సాయిబు ముఖం మీదే అనేశాడు, "నువ్వే మందు పెట్టినవ్" అని.

మా వైపు ఈ మందు అనే మాట ఉంది చూశారూ, దానంత మాయలమారి మాట ఇంకొకటి లేదు. ఒంటికి వాడేది మందే, పంటకు కొట్టేది మందే, సాయంత్రం గొంతులో పోసుకునేదీ మందే. పగబట్టి తిండిలో కలిపితే మందు పెట్టుడు. తర్వాత నన్ను భూపాలపల్లి వైపు బదిలీ చేసినప్పుడు కూడా ఎవరైనా వచ్చి "మందు పోసిన డాక్టరమ్మా" అంటే, నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మందు? ఒంటిదా, పంటదా?" వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు. చూస్తే చూశారు. ఆ ప్రశ్న నాకు ఈ ఊరే నేర్పింది.

ఊరి పెద్దలు వచ్చే అంగడి రోజున కచీరు, అంటే ఊరి చావడి, ముందర పంచాయితి పెట్టాలని నిర్ణయించారు. అప్పటిదాకా సాయిబు దగ్గర ఎవరూ మాంసం కొనకూడదు. నేరం రుజువైతే ఊరు విడిచి పోవాలి. సాయిబు తండ్రి సమాధి, తాత సమాధి ఆ ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. పోతే ఎక్కడికి పోతాడు?

మర్నాడు ఆయన దవాఖాన ముందు మోటారు సైకిలు ఆపి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, జర ఒక్క మాట ఇనుర్రి. సచ్చిన మేక మాకు హరామ్. దాన్ని నేను ముట్ట. మందు పెట్టినంక అది నా కత్తి దాకా రాకముందె సస్తె నాకేమొస్తది? పోనీ, సావలే అనుకో. గా జహర్ మాంసం నేనే అమ్మాల్నాయె, ఎవ్వలు కొనకపోతె నా ఇంట్లనే వండుకోవాల్నాయె. గంత అఖల్ లేదా నాకు?"

"నువ్వు కోసిన మేకల కార్జం ఎట్లుండె?" అని అడిగాను.

ఆయన చేతివేళ్లు ఒకదానికొకటి రాసి చూపించాడు. "పసుప్పచ్చగుండె. ఏలు వెడితె ఉడికిన పప్పు లెక్క చిదిగిపాయె. గది నేను అమ్మలే, పారేసిన."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పసుపు కళ్లు, చిదికిపోయే కార్జం! అంటే దెబ్బ తగులుతున్నది కార్జానికే. రక్తం తీస్తే ఎంజైములు నాతో మాట్లాడతాయి. ఒక్కసారి తిన్న విషమా, రోజూ కొంచెం కొంచెం లోపలికి పోతున్న విషమా, ఏ ఏ మేకల్లో ఉంది, ఏ మేకల్లో లేదు, అంతా తేలిపోతుంది. అంగడి వచ్చేలోపు తేల్చాలి, అంతే. "నువ్వు పో, పంచాయితికి నేనొస్త" అన్నాను. ఆయనకు నా మాట సగమే నమ్మకం కలిగించింది. నాకు మాత్రం అప్పటికే పరుగెత్తాలని ఉంది.

పటేల్ దొడ్లో రక్తం తీస్తుంటే ఆయన గొణిగాడు. "ఉన్న జీవాల నెత్తురు నువ్వు గుంజుకుపోతె, ఇగ మిగిలేదేంది బిడ్డా?"

"నీ మేకలే జెప్తయి బాపూ, ఎవ్వలేం జేసిండ్రో."

"మేకలు జెప్తయా! మంచిగున్నది" అని భుజం మీది మనుమరాలిని కిందికి దించి నవ్వాడు.

జబ్బు మేకల నుంచి తీశాను. బాగా మేస్తున్నవాటి నుంచి తీశాను. ఇంకా తల్లిపాలే తాగుతున్న పిల్లల నుంచి కూడా తీశాను. సీసాలన్నీ సంచిలో పెట్టుకుని బస్సెక్కి మానుకోట, అక్కడ రైలెక్కి జిల్లా కేంద్రంలోని ప్రయోగశాల. అక్కడి పెద్దాయన గుంటూరు వైపు మనిషి. పనిలో నిప్పు, మాటలో పుల్లవిరుపు. సీసాలు వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"ఏంటమ్మా ఇది, రక్తం తెచ్చావా, దానిమ్మ రసం తెచ్చావా? కణాలన్నీ పగిలిపోయి ఎర్రగా అయింది. దీంతో ఎంజైములు చూస్తే గోడకున్న బల్లికి కూడా లివర్ జబ్బుందని వస్తుంది."

గుంతల రోడ్డు మీద బస్సు చేసిన ఘనకార్యం అది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మల్ల తెస్త సార్" అన్నాను.

"మల్ల కాదమ్మా, మళ్ళీ."

"మల్లనే తెస్త" అని వచ్చేశాను.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాను. రక్తాన్ని దవాఖానలోనే కదలకుండా నిలబెట్టి, పైకి తేలిన పచ్చటి నీటిని మాత్రం వేరు చేసి, సీసాలను మంచుగడ్డల డబ్బాలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బస్సులో పక్కన కూర్చున్న ఒక అవ్వ, "ఏంది బిడ్డా, నెయ్యా?" అని అడిగింది. "నెయ్యి కన్న ఎక్కువ" అన్నాను. ఈసారి ఇంకో పని కూడా చేశాను. పటేల్ పక్కింటి వాళ్ల మేకల నుంచి కూడా రక్తం తీశాను. ఆ రెండు ఇళ్ల మేకలనూ ఒకే కాపరి, ఒకే అడవిలో మేపుతాడు. సాయిబు ఆ రెండు ఇళ్లకూ పోతుంటాడు.

పెద్దాయన ఈసారి సీసాలు చూసి ఏమీ అనలేదు. అంటే మెచ్చుకున్నట్టే. ఇద్దరం కలిసే పరీక్ష మొదలుపెట్టాం. వేడినీళ్ల తొట్టె దగ్గర నేను నిలకడగా ఉండలేక అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన, "కూర్చోవమ్మా, నువ్వు తిరిగితే అది త్వరగా ఉడకదు" అన్నాడు. చివరి మందు పోసే సమయం వచ్చింది. ఒక్కో గొట్టంలో పోసుకుంటూ వస్తున్నాను. పాలు తాగే పిల్లలది, లేత రంగు. పక్కింటి మేకలది, లేత రంగు. పటేల్ జబ్బు మేకలది, చిక్కటి ఇటుకరంగు. ఇది నేను అనుకున్నదే. కానీ పటేల్ ఇంట్లో గంతులేస్తూ మేస్తున్న మేకలది కూడా చిక్కటి ఇటుకరంగే! పైకి ఏమీ లేని మేకల లోపల కార్జం అప్పటికే తూట్లు పడి ఉంది.

కేక వేశాను. పెద్దాయన ఉలిక్కిపడి పిపెట్టు చేతిలోంచి జారవిడిచాడు.

"ఆగమ్మా, ఆగు. కండరాలు దెబ్బతిన్నా ఈ ఎంజైము పెరుగుతుంది. అడవిలో తిరిగే మేకలు, ఎక్కడో గుద్దుకుని ఉండొచ్చు."

"పక్కింటియి గూడ గా అడవిలనే తిరుగుతయి గద సార్."

"అడవిలో ఏదో విషపు ఆకు తిని ఉండొచ్చు."

"పక్కింటియి గూడ గదే ఆకు తింటయి."

ఆయన గొట్టాలను మరోసారి వరసగా చూశాడు. "అయితే ఆ ఇంట్లోనే ఏదో ఉంది. పాలు తాగే పిల్లలు తినకుండా, పెద్దవి రోజూ తినేది." కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "గిట్ల ఆలోచించాలి" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు.

ఆ రైలు ప్రయాణం నాకు ఇంకా గుర్తుంది. కిటికీ ఊచలు పట్టుకుని పాడుకుంటూ వచ్చాను. సాయిబు కాదు! మేకలు కొనడానికి ఎప్పుడైనా వచ్చిపోయే మనిషి పెట్టిన విషం కాదు, రోజూ దొడ్లోనే లోపలికి పోతున్న విషం. ఇక అదేమిటో పట్టుకోవాలి.

పొద్దున్నే పటేల్ దొడ్డికి పోయాను. మేకలను ఇంకా అడవికి తోలలేదు. కాపరి ఒక్కో మేక దవడ పట్టుకుని తల ఎత్తుతున్నాడు. పటేల్ స్వయంగా వెదురు గొట్టంతో దాని నోట్లో ఏదో పోస్తున్నాడు. పక్కనే కుండలో మురికి తెలుపు రంగులో చిక్కటి నీళ్లు.

"ఏంది బాపూ గది?"

"పురుగుల మందు."

నేను కేక పెట్టాను. "పురుగుల మందా! మేకలకా?"

"అరవకు బిడ్డా. ఇంగిలీషుది గాదు. చెట్టు మందు. వేపగింజలది."

అసలు కథ అప్పుడు బయటికి వచ్చింది. పత్తికి పురుగు పట్టినప్పుడు వ్యవసాయం వాళ్లు ఊళ్లోకి వచ్చి చెప్పారట. డబ్బాల మందు కొట్టి కొట్టి చేలు పాడుచేసుకోకండి, వేపగింజలు దంచి, నానబెట్టి, గుడ్డలో వడగట్టి కొట్టండి, ఇది కూడా పురుగుల మందే, కానీ చెట్టు మందు అని. వాళ్లు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. చేనుకు అది మంచిదే. కానీ మా వైపు చెట్టు మందు అంటే ఏమిటి? నాటు వైద్యం. ఆకులూ వేర్లూ నూరి మనుషులకూ గొడ్లకూ ఇచ్చేది. ఇక పురుగులు అంటే? చేనులో ఉన్నవీ పురుగులే, కడుపులో ఉన్నవీ పురుగులే. మేకలకు కడుపులో పురుగులు పడతాయని పటేల్‌కు తెలుసు. పురుగుల మందు, పైగా చెట్టు మందు. ఆయనకు ఇంకేం కావాలి? రోజూ పొద్దున్నే పోయడం మొదలుపెట్టాడు. గుణం చేయాలని చేనుకు చెప్పినదానికంటే చిక్కగా తీశాడు. మేకలు జబ్బుపడ్డాక, పురుగులు ఎక్కువయ్యాయని ఇంకా కొంచెం ఎక్కువ పోశాడు.

"బాపూ, గిదే నీ మేకల్ని సంపుతున్నది" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "వేప ఇషమా? మా తాత వేపపుల్ల తోని పండ్లు తోముకొని నూరేండ్లు బతికిండు. అమ్మోరు వోస్తె వేప మండలేసి పండబెడ్తం. నువ్వు నాలుగచ్చరాలు సదివి వేపను ఇషమంటవా?"

పుల్లతో పళ్లు తోముకోవడం వేరు, గింజల రసం చిక్కగా తీసి రోజూ కడుపులోకి పంపడం వేరు అని గొంతు చించుకున్నాను. ఆయన వినలేదు. గొట్టం గోడకు ఆనించి ఇంట్లోకి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సరే, కచీరు దగ్గరే తేల్చుకుందాం అనుకున్నాను.

అంగడి రోజు కచీరు ముందర ఊరంతా చేరింది. సాయిబు ఒక పక్కన నిలబడ్డాడు. ఆయన భార్య, పిల్లలు దూరంగా గోడ దగ్గర. పటేల్ అరుగు మీద, ఒళ్లో మనుమరాలు తాత ఛాతీకి తల ఆనించి నిద్రపోతోంది. పెద్దలు సాయిబును ఏదో అడగబోయేలోపు నేను ముందుకు పోయాను.

ఎంజైము అనే మాట ఎత్తితే అందరూ లేచి అంగట్లోకి పోతారని తెలుసు. అందుకే వాళ్ల మాటలోనే చెప్పాను. "గరిసె మంచిగుంటె వాకిట్ల వడ్లుంటయా? వాకిట్ల వడ్లు కనవడ్డయంటె గరిసెకు తూటు వడ్డట్టే గద? గిది సుత గంతే. కార్జం గరిసె. నెత్తురు వాకిలి. పటేల్ మేకలన్నిటి నెత్తుర్ల కార్జం వడ్లు దొరికినయ్, మంచిగ మేసేటియాట్ల గూడ. పక్కింటి మేకలల్ల లెవ్వు. సాయిబు రెండిండ్లకూ వోతడు. అడివి ఇద్దరిదొక్కటే. తేడా ఏంది? పటేల్ దొడ్డిల పొద్దుగాల పోసే వేపగింజల నీళ్లు."

గుంపులో గోల లేచింది. సగం మంది ఔనంటున్నారు, సగం మంది వేప విషమేంటని నవ్వుతున్నారు. పటేల్ అరుగు మీంచి లేచాడు. ఇంతమందిలో ఒక ఆడపిల్ల తనను తప్పుపట్టడం ఆయనకు తలకొట్టేసినట్టయింది. మనుమరాలిని ఎత్తి చూపిస్తూ అరిచాడు.

"గది ఇషమైతె నేను దీనికి పోస్తనా? నా మనుమరాలికే పోస్తున్న! కడుపుల పురుగులున్నయని రోజూ ఉగ్గుగిన్నెడు నా చేతులతోనే తాపిస్తున్న! గిప్పుడేమంటవ్?"

ఆడవాళ్ల గుంపులోంచి పిల్ల తల్లి, పటేల్ కోడలు, పరుగున వచ్చింది. "పిల్ల తింటలేదు మామా. నాలుగొద్దుల సంది తింటలేదు, కక్కుకుంటున్నది. దిష్టి తాకిందనుకున్న..." అని పిల్లను లాక్కుంది. నేను పిల్ల కనురెప్ప మడిచి చూశాను. మేకల కళ్లలో చూసిన పసుపే. ఇంత అరుపులోనూ పిల్ల సరిగ్గా మేలుకోలేదు.

బస్సు అప్పటికే పోయింది. తర్వాతి బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అంతలో మోటారు సైకిలు చప్పుడైంది. సాయిబు మేకల కోసం దాని మీద కట్టిన గంపల తాళ్లు కోసి, వాటిని కింద పడేసి, కచీరు మెట్ల దాకా తోలుకొచ్చాడు.

"ఎక్కుర్రి పటేలా, జల్ది. పిల్లను గట్టిగ వట్టుకోర్రి. మానుకోట దవాఖానకు వోదాం."

పటేల్ కోడలి చేతుల్లోంచి పిల్లను తీసుకుని, అప్పటిదాకా ఊరు వెళ్లగొట్టాలని చూసిన మనిషి వెనకాల కూర్చుని, ఒక చేత్తో పిల్లనూ, ఇంకో చేత్తో అతని నడుమునూ పట్టుకున్నాడు. దుమ్ము లేపుకుంటూ బండి పోయింది. పంచాయితిలో తీర్పు చెప్పాల్సిన పెద్దలు తీర్పు మాటే మరిచిపోయి ఆ దుమ్ము వైపు చూస్తూ నిలబడ్డారు.

మానుకోట డాక్టరుకు నేను తర్వాత దొరికిన బస్సులో వెనకాలే పోయి సంగతంతా చెప్పాను. ఆయన సెలైన్ పెట్టి, పిల్ల రక్తం కొంత నాకూ ఇచ్చాడు. మళ్లీ ఒళ్లో మంచు డబ్బా, మళ్లీ రైలు. ప్రయోగశాల పెద్దాయన ఇది పశువుల ప్రయోగశాల అనలేదు. "మనిషి సీరం, మేక సీరం అని మన యంత్రానికి తెలీదులే, ఇలా ఇవ్వు" అన్నాడు. చివరి మందు ఆయనే పోశాడు. రంగు ముదురుతోంది. మేకలంత చిక్కగా కాలేదు! కార్జం దెబ్బతింది, కానీ మితిమీరలేదు. ఆపేస్తే కోలుకునే దశలోనే ఉంది. పెద్దాయన గొట్టాన్ని వెలుతురుకు పట్టి ఇద్దరికీ వినబడేలా, "బతికిందమ్మా" అన్నాడు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, "ఇదేం నాటకం" అని విసుక్కున్నాడు.

దొడ్లో వేపనీళ్లు ఆగిపోయాయి. మేకలు మెల్లగా మేత పట్టాయి. నేను మళ్లీ మళ్లీ రక్తం తీసి చూశాను. ప్రతిసారీ రంగు కొంచెం కొంచెం లేతబడుతూ వచ్చింది. పిల్ల రక్తం కూడా అంతే. ఆ లేత రంగు చూసినప్పుడల్లా నాకు పండగే. దారినపోయే వాళ్లను కూడా పిలిచి చూపించేదాన్ని.

తర్వాత ఒక అంగడి రోజు పటేల్ మనుమరాలిని భుజం మీద ఎక్కించుకుని సాయిబు దుకాణం ముందుకు వచ్చాడు. అప్పటికి జనం మళ్లీ మాంసం కొంటున్నారు. ఆయన్ని చూసి అందరూ పక్కకు జరిగారు. అంగడి అంతటికీ వినబడేలా అన్నాడు.

"సాయిబూ, గీ అంగట్లనే నిన్నొక మాటన్న. గీ అంగట్లనే మల్ల జెప్తున్న, అందరు ఇనుర్రి. మందు పెట్టింది నువ్వు గాదు. నేను. నా జీవాలకు నేనే పెట్టిన, నా పిల్లకు నేనే పెట్టిన."

సాయిబు కత్తి పక్కన పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. పటేల్ ముఖం వైపు చూడలేదు, భుజం మీది పిల్ల వైపు చూశాడు.

"గా ముచ్చట ఎందుకు పటేలా ఇప్పుడు. పిల్ల బువ్వ తింటున్నదా?"

"తింటున్నది సాయిబూ" అన్నాడు పటేల్. "తింటున్నది" అని మళ్లీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, అంత మందిలోనూ ఆపుకోలేదు.